ఆఖరి పేజీ కొలతలు

ఫిబ్రవరి 4

గుండుసూదీ,

నీ ఉత్తరం అందింది. అందులో నాలుగుసార్లు "అలసిపోయాను" అని రాశావు. వేలు పెట్టి మరీ లెక్కపెట్టాను. ఎక్స్-రే గదిలో నిలబడి "ఊపిరి బిగపట్టండి, వదలండి" అనడమేగా నీ ఉద్యోగం? బిగపట్టేది వాళ్ళు, వదిలేది వాళ్ళు. మధ్యలో నీకెందుకే ఆయాసం? సరదాకన్నాలే, మూతి ముడుచుకోకు. ఇంటికెళ్ళగానే కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకో.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "ఊ తాతా, సరే తాతా, ఉంటా తాతా" అని మూడు ముక్కల్లో వదిలించుకుంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. పైగా మూడో తరగతితో బడి ఎగ్గొట్టినవాడి రాత, కూడబలుక్కుని చదవడానికి రెట్టింపు టైము పడుతుంది. అదీ నాకు లాభమే.

ఇక్కడ అంతా మామూలే. నా మిషను మూల కూర్చుంది, దాని పక్కన నేను కూర్చున్నాను. మీ బాబాయికి మాత్రం పెద్దరికం వచ్చింది. యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు గారు కదా, ఓనరు పోయిన నెల బట్టల గోడౌను తాళంచెవి కూడా చేతికిచ్చాడు. దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నాడు. "ఒరేయ్, స్నానానికైనా తియ్యరా, తుప్పు పడుతుంది" అంటే నవ్వి ఊరుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత వాడి చేతికి ఒకరు తాళం ఇవ్వడం, నీకు తెలియందేముంది.

అసలు సంగతి మర్చిపోయాను. నిన్న ఒకడు ఫోన్ చేశాడు, బ్యాంకు నుంచట. "సార్, మీ కార్డు ఈ రోజుతో ఆగిపోతుంది, నంబరు చెప్తే పొడిగిస్తాం" అన్నాడు. ఇలాంటి దొంగలుంటారని నువ్వు చెప్పావుగా. నేనెందుకు ఊరుకుంటాను? "బాబూ, నాకు చూపు ఆనదు, అద్దాలు తెచ్చుకుంటా" అని ఫోను బల్ల మీద పెట్టేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చాను. ఇంకా లైన్లోనే ఉన్నాడు పాపం! అంత ఓపికున్నవాణ్ణి ఉత్తచేతుల్తో ఎలా పంపను? నా కొలతల పుస్తకం తీసి, ఆఖరి పేజీలో ఎవడివో కొలతలుంటే ఆ అంకెలు వరసగా చదివేశాను. ఛాతీ, నడుము, భుజం, మెడ. పేర్లు చెప్పలేదు, ఒట్టి అంకెలే. ఏ నెలదాకా చెల్లుతుందంటే, ట్రయల్ తారీఖు చెప్పాను. వెనకాల మూడంకెలుంటాయి అంటే, కాలరు కొలత చెప్పాను. "థాంక్యూ సార్" అని ఎంత మర్యాదగా పెట్టేశాడో! ఇప్పుడు వాడు ఆ శాల్తీకి చొక్కా కుట్టించి ఇవ్వాల్సిందే.

నవ్వావా? నవ్వితే రాయి. నవ్వకపోయినా రాయి.

మీ తాత


ఫిబ్రవరి 12

తాతా,

నవ్వలేదు. ఓపిక లేదు.

నీకు మందులకని నా అకౌంటు మీద తీయించి ఇచ్చిన కార్డు ఉంది కదా, దాని నంబరు ఎవరో దొంగిలించారు. కార్డు కాదు, నంబరు. కార్డు నీ పెట్టెలోనే ఉంటుంది, అయినా ఎక్కడో ఎవడో దాంతో కొనేస్తుంటాడు. ముందు చాలా చిన్న మొత్తం ఒకటి తీశారు. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికట. నాకు మెసేజ్ వచ్చింది, నువ్వు తలనొప్పి మాత్రలు కొన్నావేమో అనుకున్నాను. రెండు రోజులాగి, నేను డ్యూటీలో ఉన్నప్పుడు వరసపెట్టి పదకొండుసార్లు తీశారు. మా ఫోన్లు లాకర్లో పెట్టాలి. నాలుగింటికి బయటికొచ్చి చూసేసరికి ఏమీ మిగల్లేదు. అన్నీ ఏవో ఫోన్లో ఆడే విదేశీ పందెం ఆటల కంపెనీలకి వెళ్ళాయి, వాటికి ఓటీపీ కూడా అక్కర్లేదట.

ఆ డబ్బు దేనికో నీకు తెలుసు. స్కానింగ్ కోర్సు సీటుకి. అది చేస్తే రోజంతా నిలబడే పని తప్పి, కూర్చుని చేసే పని వస్తుందని మూడేళ్ళుగా కూడబెడుతున్నాను.

బ్యాంకుకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. ఆ తర్వాత ఒకమ్మాయి వచ్చి కార్డు బ్లాక్ చేసింది. నోటిమాట చాలదట, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, పోలీసుల దగ్గర కూడా ఇచ్చి ఆ రసీదు జత చేయాలి. అప్పుడు విచారణ. రేపు సెలవు పెట్టి అదే పని.

నీకు ఫోన్ చేశాను హాస్పిటల్ నంబరు నుంచి. "ఇక్కడెవరూ లేరు, అందరూ ఊరెళ్ళారు" అని పెట్టేశావు. తాతా!

నువ్వు చేయాల్సినవి చెప్తాను, వేళాకోళం చేయకుండా చదువు. ఆ కార్డు ముక్కలుగా కత్తిరించు. నంబరు ఎక్కడైనా రాసి ఉంటే చింపేయి. తెలియని నంబర్ల నుంచి ఫోనొస్తే ఎత్తకు. "మీ పోయిన డబ్బు వెనక్కి ఇప్పిస్తాం" అని ఎవరైనా చేస్తే వాళ్ళూ దొంగలే, ఒకసారి మోసపోయినవాళ్ళ కోసమే కాచుకుని కూర్చుంటారట. ఇంకొకటి. ఆ కార్డు ఈ మధ్య ఎవరి చేతికైనా ఇచ్చావా? ఇంటికి ఎవరైనా వచ్చారా? బాగా ఆలోచించి రాయి.

ఉంటాను.


ఫిబ్రవరి 17

గుండుసూదీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. పట్టుబట్టలు కత్తిరించే నా పెద్ద కత్తెరతో కార్డుని నాలుగు ముక్కలు చేశాను. కత్తెర మొద్దుబారింది, నీ బ్యాంకు మీద ఆ కేసు కూడా పెట్టు.

తెలియని నంబరు ఎత్తొద్దన్నావు. నాకు తెలిసిన నంబరు ఒక్కటీ లేదు. అందుకని ఫోను ఆపేసి ట్రంకు పెట్టెలో దుప్పట్ల కింద పడుకోబెట్టాను. ఇప్పుడు దొంగలూ చెయ్యలేరు, నువ్వూ చెయ్యలేవు, సుఖంగా ఉంది.

కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదు. మందుల షాపుకి నేనే పోతాను, నేనే గీకించుకుని వస్తాను. నంబరు ఒకచోట రాసిపెట్టుకున్న మాట నిజం, కార్డు పారేసుకుంటానేమోనని. కానీ దాని గురించి నీకు బెంగ అక్కర్లేదు. ఎవరికీ అనుమానం రాని చోట దాచాను. ఎంత బాగా దాచానంటే, నిన్న చింపేద్దామని వెతికితే నాకే దొరకలేదు. ఎక్కడ రాశానో గుర్తు రావట్లేదు. ఇంతకన్నా భద్రం ఏ బ్యాంకులో ఉంటుంది?

ఇంటికి వచ్చినవాళ్ళెవరంటావా? కరెంటు మీటరు చూసేవాడు, పక్కింటి పిల్లి. దొంగ కోసం నువ్వు పోలీసుల చుట్టూ తిరగడమెందుకు, మనింట్లోనే ఒకడున్నాడు. మీ బాబాయి! కొత్త బూట్లు వేసుకుని తిరుగుతున్నాడు, నల్లగా, ముఖం చూసుకోవచ్చు అందులో. ఎక్కడివిరా అంటే "ఇచ్చారు" అంటాడు. ఎవడిస్తాడే ఊరికే బూట్లు? ఆ ఆటల కంపెనీ వాడే ఇచ్చి ఉంటాడు. పైగా పని నుంచి రాగానే ఫోను చెవికి పెట్టుకుని మెట్ల మీద చేరుతున్నాడు. నేను గుమ్మంలోకి రాగానే గొంతు తగ్గిస్తాడు. పట్టుకుని జైల్లో వేయించు, నాకు ఒక మనిషి వంట తగ్గుతుంది.

నీ డబ్బు వస్తుంది, దిగులు పెట్టుకోకు. దిగులుకి నీ ఒంట్లో చోటెక్కడుంది, ఉన్నదే గుండుసూదంత.

మీ తాత


ఫిబ్రవరి 24

తాతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏది నిజమో ఏది వేళాకోళమో చిన్నప్పటి నుంచీ నాకు తెలియదు.

ఆ డబ్బంతా పోయింది ఫోన్లో ఆడే ఆటలకి. నాలుగేళ్ళ కింద అంచులు కుట్టే మన ఓవర్‌లాక్ మిషను బాబాయి అమ్మేసింది కూడా వాటికేగా. ఆ రోజు నువ్వు ఇంటికొచ్చి, మిషనున్న చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు చూసి, "దానికి విసుగొచ్చి షికారుకెళ్ళింది" అన్నావు. అప్పుడూ జోకే. బాబాయి ఆ తర్వాత మానేశాడు, మామూలు బటన్ ఫోను కొనుక్కున్నాడు, నా ట్రైనింగు ఫీజు రెండేళ్ళు తనే కట్టాడు. అవన్నీ నాకు గుర్తున్నాయి. గుర్తున్నా సరే, బూట్లు, మెట్ల మీద ఫోను, గొంతు తగ్గించడం, ఇవన్నీ అప్పుడూ ఉన్నాయి తాతా. అచ్చం ఇలాగే మొదలైంది.

పోలీసుల దగ్గర ఫారంలో ఒక గడి ఉంది. "కార్డు ఉన్న ఇంట్లో ఎవరి మీదైనా అనుమానం ఉందా" అని. ఖాళీగా వదిలేశాను. అక్కడి కానిస్టేబుల్ ఫారం వెనక్కి తోశాడు. "మీరు అక్కడ ఉండరు, కార్డు అక్కడుంది, నంబరు గాల్లోంచి రాదు కదమ్మా. ఖాళీ వదిలితే ఇది ఇక్కడే కూర్చుంటుంది" అన్నాడు. నా వెనకాల ఇంకా పదిమంది ఉన్నారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

రాశాను. బాబాయి పేరు, పనిచేసే చోటు.

రాసేముందు రెండుసార్లు పెన్ను మూత పెట్టేశాను. అయినా రాశాను. ఒట్టినే అడిగి వదిలేస్తారని చెప్పాడు. నువ్వు ఇప్పుడే బాబాయికి చెప్పకు. నిజంగా తను కాకపోతే ఎవరికీ ఏమీ తెలియకుండానే అయిపోతుంది.


మార్చి 3

అమ్మా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మీ బాబాయి నిన్న మధ్యాహ్నమే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు.

మొన్న వర్క్‌షాపుకి ఫోను చేసి వాణ్ణి స్టేషనుకి రమ్మన్నారట. ఫోను ఎత్తింది ఓనరు. అక్కడ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. ఒకడు వచ్చి ఫోను చూపించమన్నాడు, బటన్ ఫోను చూసి నవ్వాడు, ఇంకోటి ఎక్కడ దాచావన్నాడు. అంతే. మర్నాడు పనికి పోతే ఓనరు "తాళంచెవి నా దగ్గర ఉండనీలే కొన్నాళ్ళు" అన్నాడు. వాడు మొలతాడు విప్పి ఇచ్చేశాడు. ఇదంతా నాకు కింద ఇస్త్రీ అతను చెప్పాడు, వాడు చెప్పలేదు.

వాడు నాతో ఒక్కటే అన్నాడు. బట్టలు సంచీలో పెట్టుకుంటూ, తలెత్తకుండా, "నాన్నా, నువ్వు కూడా నేనే అనుకున్నావా?" అని అడిగాడు.

నేనేమన్నానో తెలుసా? "అనుకోకపోతే నీకు నాన్ననెలా అవుతానురా" అన్నాను. నోరు అలవాటుపడి పోయింది. ఎవడేమడిగినా ముందు అదే వస్తుంది. వాడు సంచీ జిప్పు వేసుకుని మెట్లు దిగాడు. దిగుతుంటే పిలుద్దామనుకున్నాను. ఏమని పిలవాలో తెలియక ఊరుకున్నాను.

బూట్లు ఓనరే ఇచ్చాడట. కటింగ్ బల్ల దగ్గర పెద్ద కత్తెర కాలి మీద పడకుండా అందరికీ కొనిచ్చాడట. ఫోను, అక్కడ గుండీలకి కాజాలు తీసే ఆవిడతో. ఇద్దరూ పెళ్ళి మాట అనుకున్నారట, నాకు చెప్పాలంటే నేను ఆట పట్టిస్తానని గొంతు తగ్గించేవాడట. ఇదీ ఇస్త్రీ అతనే చెప్పాడు. నా కొడుకు సంగతులు ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప.

నేను సరదాకి రాసింది నువ్వు పట్టుకెళ్ళి గడిలో రాశావు. నిన్నేమీ అనను. అలా రాసింది నేనేగా.

తాత


మార్చి 9

తాతా,

నన్నేమీ అనను అని రాసి అన్నీ అన్నావు.

బాబాయికి పన్నెండుసార్లు చేశాను. ఎత్తలేదు. నిజంగా తను కాకపోతే ఎత్తి నాలుగు తిట్టొచ్చుగా? ఇల్లు వదిలి ఎందుకు పోవాలి? నేను రోజూ అదే అనుకుంటున్నాను, అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుంది. నిద్ర లేచేసరికి మళ్ళీ మామూలే.

బ్యాంకు వాళ్ళు పోయిన డబ్బు ప్రస్తుతానికి నా అకౌంటులో వేశారు. విచారణ పూర్తయ్యాక అది ఖాయమవుతుంది, తేడా ఉందని తేలితే వెనక్కి తీసుకుంటారు. ఆ డబ్బుతోనే సీటుకి కట్టేశాను, గడువు శుక్రవారంతో అయిపోతుంటే. ఒక ప్రశ్నల కాగితం పంపారు. "నంబరును మీరు గానీ, కార్డు వాడే ఇంకెవరైనా గానీ ఫోన్లో ఎవరికైనా చెప్పారా" అని ఉంది. లేదు అని రాసి సంతకం పెట్టాను. నువ్వు ఆ రోజు ఎవడితోనో ఆడుకున్నానన్నావు, కానీ నువ్వు చదివింది ఎవరివో చొక్కా కొలతలేగా.

నీకు కొత్త కార్డు పోస్టులో వస్తుంది. ఆ నంబరు ఎక్కడా రాయకు. పాతది ఎక్కడ రాశావో వెతికి చింపేయమన్నాను, చింపావా? ఈ మధ్య నాకు ఏమడిగినా జవాబు రావట్లేదు, ఎవరి దగ్గర్నుంచీ.

ఈ రోజు ఒక ముసలాయన ఎక్స్-రేకి వచ్చాడు. ఊపిరి బిగపట్టండి అంటే, "ఎప్పటి నుంచో అదే చేస్తున్నానమ్మా" అన్నాడు. నువ్వు గుర్తొచ్చావు. బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.


మార్చి 19

అమ్మా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. రాయడం, మడిచి జేబులో పెట్టుకోవడం, మళ్ళీ తియ్యడం. పోస్టు డబ్బా దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను.

కొత్త కార్డు వచ్చింది. నువ్వు రాయొద్దన్నావు. నాకు భయమేసింది, పారేసుకుంటే మళ్ళీ నీకు తిప్పలు. మామూలుగా రాస్తే ఎవడైనా చూస్తాడు, కొలతల్లా రాస్తే ఎవడికీ తెలియదు కదా అని బుర్రలో మెరిసింది. కొత్త తెలివి అనుకున్నాను. పుస్తకం తీశాను, ఆఖరి పేజీ తిప్పాను. అక్కడ ఒక కస్టమరు ఉన్నాడు. పేరు దగ్గర "రైలు గార్డు గారు" అని ఉంది, రాత నాదే. మెడ తొంభై ఒకటి. నడుము ఏడు. ఆ రోజు ఫోన్లో చదివేటప్పుడు కూడా అనుకున్నాను, ఇంత మెడున్నవాడు తలుపులోంచి ఎలా దూరాడా అని. నవ్వుకున్నాను కూడా.

నేను ఏ రైలు గార్డుకీ ఎప్పుడూ బట్టలు కుట్టలేదు.

కత్తిరించిన కార్డు ముక్కలు పారెయ్యలేదు, సుద్దముక్కల డబ్బాలో వేశాను. నాలుగూ బల్ల మీద పెట్టి అతికించినట్టు పేర్చాను. వేలు పెట్టి ఒక్కో అంకె చూశాను. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, మెడ, అన్నీ సరిపోయాయి. ట్రయల్ తారీఖు సరిపోయింది. కాలరు సరిపోయింది. పని మానేశాక ఆ పుస్తకంలో నేను రాసిన కొలతలు అవొక్కటే. అందుకే ఆఖరి పేజీలో ఉన్నాయి. ఎనిమిది నెలల కింద కార్డుని గార్డు చేసి రాసి మర్చిపోయాను. దొంగని ఏడిపిద్దామని నీ కార్డు నేనే చదివి వినిపించాను, టీ తాగొచ్చి మరీ.

ఎవడూ దొంగిలించలేదమ్మా. నేనే ఇచ్చాను.

నేను నోరు మూసుకుంటే నీ సీటు నిలబడుతుందని నాకు తెలుసు. ఆ కాగితంలో నువ్వు లేదని రాసి సంతకం పెట్టావు. నేను చెప్పకపోతే అది అబద్ధం అని నీక్కూడా తెలియదు. అందుకే నాలుగు రోజులు జేబులో పెట్టుకున్నాను. కానీ అన్నాళ్ళూ అక్కడ పోలీసుల కాగితంలో వాడి పేరుంటుంది. గడి ఖాళీగా ఉండకూడదని రాసిన పేరు.

ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు. ఎప్పుడూ తెలిసినట్టు మాట్లాడతాను గానీ.

తాత


మార్చి 25

తాతా,

నీ మీద కోపం రెండు రోజులుంది. గిన్నెలు కడుగుతూ నీతో పోట్లాడాను. పక్కగది ఆవిడ వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావు అని అడిగింది. మూడో రోజు అదీ లేదు. ఒట్టి నీరసం.

నిన్న బ్యాంకుకి వెళ్ళాను. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాక ఒక ఆఫీసరు పిలిచాడు. మంచివాడు. అంతా విన్నాడు. మెడ తొంభై ఒకటి అన్నప్పుడు నవ్వు ఆపుకోవడానికి పెన్ను కింద పడేశాడు. నాకూ నవ్వొచ్చింది తాతా, ఇన్నాళ్ళలో మొదటిసారి, బ్యాంకులో, అదీ ఏడుపు ఆపుకుంటూ. ఆ తర్వాత ఆయన అటూ ఇటూ చూసి, "అమ్మా, మీరిది రాసివ్వకపోతే ఇంకో నెలలో విచారణ మూసేస్తాం, డబ్బు మీదే. రాసిస్తే మీ ఇంట్లో మనిషే నంబరు చెప్పినట్టు, మాకు వెనక్కి తీసుకోక తప్పదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నాడు.

ఇంటికెళితే రాయనని తెలుసు. అక్కడే కాగితం అడిగి రాసిచ్చాను.

పోలీసుల దగ్గరికి కూడా వెళ్ళాను. అదే కానిస్టేబుల్. బాబాయి పేరు వెనక్కి తీసుకుంటున్నానంటే, "ఇంట్లోవాళ్ళని రాసినవాళ్ళు ఎప్పుడూ ఇలాగే వస్తారు" అని విసుక్కున్నాడు. నమ్మలేదు. అయినా రాయించుకున్నాడు, ముద్ర వేసి ఒక కాపీ ఇచ్చాడు. అది ఇందులో పెట్టాను. బాబాయి ఓనరుకి చూపించు.

సీటు పోయింది. అకౌంటు ఖాళీ కాబట్టి, బ్యాంకుకి సర్దడానికి కాలేజీకి ఫోన్ చేసి కట్టింది వెనక్కి ఇమ్మన్నాను. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏమిటో నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. రేపు పొద్దున ఏడింటికి డ్యూటీ.

ఇంకో చిన్న కవరు ఉంది, బాబాయికి. అంటించాను. అందులో నాలుగు లైన్లే, నువ్వు వెలుతురుకి పెట్టి చూడకు. బాబాయి ఎక్కడుంటున్నాడో ఇస్త్రీ అతన్ని అడిగి, నువ్వే వెళ్ళి చేతికివ్వు.

అక్కడికి వెళ్ళాక ఒక్క జోకు కూడా వెయ్యకు తాతా. ఒక్కటి కూడా.


ఏప్రిల్ 2

అమ్మా,

వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. ముందు వర్క్‌షాపుకి పోయాను. ఓనరు నువ్వు పంపిన కాగితం నిలబడే చదివాడు, తిరగేసి వెనకాల కూడా చూశాడు, ముద్ర మీద గోటితో గీశాడు. "నేనే ఇచ్చానండీ నంబరు, మా వాడికేం సంబంధం లేదు" అన్నాను. "చూద్దాం లెండి పెద్దాయనా" అన్నాడు. తాళంచెవి సంగతి ఎత్తలేదు. లోపల బల్ల దగ్గర ఉన్నాడు వెళ్ళండి అన్నాడు.

వాడు నీలం బట్ట పొరలు పొరలుగా పరుచుకుని ప్యాంట్లు కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి కత్తెర ఆపలేదు. బల్లకి ఇవతల నిలబడి మొత్తం చెప్పాను. పుస్తకం సంగతి, రైలు గార్డు సంగతి, కార్డు ముక్కలు పేర్చిన సంగతి. జోకు వెయ్యలేదు. చాలా కష్టమైంది, మధ్యలో రెండుసార్లు నోటిదాకా వచ్చాయి, మింగేశాను. అవతల మిషన్ల దగ్గర కాజాలు తీసే ఆవిడ దారం తెంపడం ఆపి చూస్తోంది. నిదానంగా ఉండే మనిషిలా ఉంది. నన్ను చూసి నవ్వలేదు, మొహం తిప్పుకోనూ లేదు.

నీ కవరు ఇచ్చాను. చేతులు తుడుచుకుని చదువుకున్నాడు. నాలుగు లైన్లు చదవడానికి చాలాసేపు పట్టింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పోలీసుల దగ్గర నా పేరు తీయించిందా?" అన్నాడు.

"తీయించింది."

"మరి డబ్బు?"

"పోయింది. సీటు కూడా పోయింది."

కత్తెర బల్ల మీద పెట్టేశాడు. అప్పుడొచ్చింది వాడికి కోపం, అన్ని రోజులదీ. "పిచ్చిదా అది? ఇంకొక్క నెల ఆగలేకపోయిందా? బ్యాంకు వాడు ఖాయం చేసేదాకా ఆగి, ఆ తర్వాత తీయించొచ్చుగా నా పేరు! నేనేమన్నా వద్దన్నానా? ఎలాగూ అందరికీ తెలిసిపోయిందాయె, ఇంకో నెల ఉంటే ఏం పోయింది నాది?" అని అరిచాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. వాడు గబగబా కిందికి వంగి, పడని బట్టముక్క కోసం వెతికాడు.

నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక బయట అరుగు మీద కూర్చున్నాం. వాడు తన డబ్బా విప్పి సగం మూతలో పెట్టి నా వైపు జరిపాడు. తింటూ తింటూ, "నీకొకటి చెప్పాలి నాన్నా" అన్నాడు. "ఆ రోజు అడిగాను. నువ్వు అవునన్నావు."

"వేళాకోళానికి అన్నానురా."

"తెలుసు. నువ్వెప్పుడూ వేళాకోళానికే అంటావు. ఎప్పుడు కాదో నాకెలా తెలియాలి?"

మూతలో మెతుకులు ఒక పక్కకి జరిపాను. "నువ్వు కాదని నాకు తెలుసురా, మొదటి రోజు నుంచీ తెలుసు" అన్నాను. ఇంత వయసొచ్చి, వాడితో ఏ మెలికా లేకుండా ఒక మాట అనడం అదే మొదటిసారేమో. గొంతు వేరేవాడిదిలా వినిపించింది నాకే. వాడు ఊ అన్నాడు. మూత కడిగి డబ్బాలో పెట్టుకున్నాడు.

బస్సు దాకా వచ్చాడు నాతో. నీకు ఫోన్ చేస్తానన్నాడు, ముందు తిడతాడట, విను. ఇంటికి రారా అన్నాను. ఆదివారం వస్తానన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు. నేను అడగలేదు.

ఇక నుంచి ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

తాత